ఎవరూ వినలేదని ఇందుమూలముగా

మా ఆల్బం గొప్పదని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లు ప్రపంచంలో కొన్ని వేలమంది ఉన్నారు. వాళ్లలో ఎవరూ దాన్ని వినలేదు, అంతే.

సంగతి మొదటినుంచీ చెబుతాను. 1976లో కాకినాడలో మేం నలుగురం కలిసి ఒక బ్యాండు పెట్టాం. పేరు ‘ది ఈవెనింగ్ స్టీమర్స్’. పాటలు తెలుగువే గానీ, పేరు ఇంగ్లీషులో లేకపోతే జనం భజన సమాజం అనుకుంటారని మా భయం. దార్ల సాల్మన్ పాడేవాడు. పాటలు రాసేదీ, వరసలు కట్టేదీ కూడా అతనే. చర్చి కొయిరులో పెరిగిన గొంతు. డ్రమ్స్ ఒకడు, బేస్ గిటారు ఒకడు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను రిథమ్ గిటారు. నా పేరు పాలచర్ల ఉమాపతి. రిథమ్ గిటారంటే ఏమిటని పెళ్లిచూపుల్లో మా ఆవిడ భూలక్ష్మి అడిగింది. పాట వెనకాల ఉంటుందన్నాను. ‘‘అయితే వినపడదన్నమాట,’’ అంది. నలభయ్యారేళ్లుగా ఆ మాటకి జవాబు వెతుకుతూనే ఉన్నాను.

మేం వాయించింది సాఫ్ట్ రాక్. ఆ రోజుల్లో పైదేశాల్లో కొందరు జుట్టు భుజాలదాకా పెంచి, పక్కింటివాళ్లకి నిద్రాభంగం కలగకుండా పాడేవారు. మేమూ జుట్టు పెంచి అలాగే పాడాం. మా నాన్న ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి విన్నంతసేపు విని, ‘‘ఇంత మెల్లగా పాడ్డానికి అంత జుట్టెందుకురా?’’ అన్నాడు. మా బ్యాండు మీద వచ్చిన మొదటి సమీక్ష అదే. చివరిదీ అదే.

మద్రాసులో ఒక సినిమా స్టూడియోలో, వాళ్లు భోజనాలకి లేచిన మూడు గంటల వ్యవధిలో, ఏడు పాటలు రికార్డు చేశాం. ఆల్బం పేరు ‘సరుగుడు గాలి’. అట్ట మీద మేం నలుగురం బెల్‌బాటమ్ ప్యాంట్లతో ఒక పడవ మీద నిలబడి, ఫొటోగ్రాఫరు చెప్పినట్టు సముద్రంకేసి బాధగా చూస్తుంటాం. మూడు వందల రికార్డులు వేయించాం. పదకొండు అమ్ముడయ్యాయి. తొమ్మిది మా బేస్ గిటారువాడి బావమరిది కొన్నాడు. అక్కని కాపురానికి పంపిన ఇల్లు కదా, కాదనలేకపోయాడు. అతనికి గ్రామఫోను లేదు. పదోది ఒక పళ్ల డాక్టరు కొని, మధ్యలో ముళ్లు బిగించి గోడగడియారం చేయించుకున్నాడు. పదకొండోది ఎవరు కొన్నారో ఎవరికీ తెలీదు.

మిగిలినవి మా అటక మీద కూర్చున్నాయి. రికార్డుని మరిగే నీళ్లలో ముంచితే మెత్తబడుతుందనీ, అంచులు పైకి వంచితే పకోడీలు పెట్టుకునే పళ్లెం అవుతుందనీ భూలక్ష్మి ఏదో పత్రికలో చదివింది. పదేళ్లలో అటక ఖాళీ అయింది. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నా కళని చేత్తో పట్టుకుని జంతికలు తిన్నవాడే. ఒక్క రికార్డు మాత్రం నా పెట్టెలో బట్టల కింద దాచుకున్నాను. బ్యాండు ఆగిపోగానే పోర్టు ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తాగా చేరి, ముప్పయ్యారేళ్లు ఇతరుల ఉత్తరాల మీద నంబర్లు వేసి రిటైరయ్యాను.

కిందటేడు స్వీడన్‌లో ఎవరో మా ఆల్బం అట్ట బొమ్మని ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది ‘ప్రపంచం పట్టించుకోని సాఫ్ట్ రాక్ ఆణిముత్యం’ అని కింద రాశాడు. వారం తిరక్కుండా నాలుగు వేలమంది ఔనన్నారు. ఒకడైతే ఏడో పాట విని ఏడ్చేశానని రాశాడు. ఎక్కడ దొరికింది బాబూ అని అడిగించాను. దొరకలేదండీ, అట్ట చూసి ఊహించుకున్నాను అని జవాబిచ్చాడు. తప్పేముంది, మేమూ గొప్పవాళ్లమని ఊహించుకునే కదా జుట్టు పెంచాం. ఆ వారం నేను మీసానికి రంగేశాను.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వంవారు ‘విస్మృత కళాసంపద గుర్తింపు మండలి’ పెట్టారు. మరుగున పడ్డ కళాఖండాలని వెతికి తీసి గౌరవించడం దాని పని. గుర్తింపు వస్తే శాలువా, తామ్రపత్రం, ‘విస్మృత కళారత్న’ అనే బిరుదు ఇస్తారు. ఆల్బంని మళ్లీ ముద్రించి జిల్లా గ్రంథాలయాలన్నిటికీ పంపుతారు. టౌన్‌హాల్లో సభ చేస్తారు. నాకు శాలువాలు కొత్త కాదు, రిటైరైన రోజున ఒకటి కప్పారు. కానీ టౌన్‌హాల్లో ఏడు పాటలూ మైకులో వస్తాయన్న ఊహ మాత్రం నన్ను కాలు నిలవనివ్వలేదు. చచ్చేలోగా ఒక్క మనిషైనా నేను వాయించింది వినాలి. నిజం చెప్పాలంటే నాకున్న కోరిక అదొక్కటే.

మండలి కార్యాలయంలో ఉపసంచాలకులు ఆకొండి త్రివిక్రమరావుగారు నా దరఖాస్తుని రెండు వేళ్లతో పట్టుకుని చదివారు.

‘‘విస్మృతి రెండు విధములు,’’ అన్నారు. ‘‘పాక్షికము, సంపూర్ణము. పాక్షిక విస్మృతి మండలి పరిధిలోనికి రాదు. నియమావళి ఏడు బ్రాకెట్లో బి చూడుడు. కళాఖండము ఏ ఒక్కరి చేతనూ వినబడి యుండరాదు.’’

‘‘ఒక్కరు కూడానా?’’

‘‘ఒకరు విన్నచో అది విస్మృతము ఎట్లగును? దానిని ఒకరు స్మరించుచున్నట్లే కదా. రేపు ఇద్దరు విన్నవారు వచ్చెదరు. ఎల్లుండి ముగ్గురు. మండలికి హద్దు ఉండవలదా?’’

నాకు సబబుగానే తోచింది. ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి బ్రాకెట్లో బి ఉన్న ప్రతి మాటా సబబుగానే తోస్తుంది.

‘‘మరి మేం నలుగురం విన్నాం కదండీ?’’

‘‘తయారీదారులకు మినహాయింపు కలదు. రికార్డు చేసిన ఇంజినీరు?’’

‘‘పోయాడండి.’’

‘‘మరణ ధ్రువపత్రము జతపరచుడు.’’

నేను సంచీలోంచి రికార్డు తీసి, పోనీ తమరొక్కసారి వింటే ఇందులో ఏముందో తెలుస్తుంది కదండీ అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపేసి రెండు చెవుల మీదా చేతులు పెట్టుకున్నారు.

‘‘ఏమి ఈ సాహసము! మీ దస్త్రమును మీరే చెడగొట్టుకొందురా? నేను వినినచో మీ అర్హత ఆ క్షణముననే రద్దగును. మండలిలో ఎవరమూ ఏ కళాఖండమునూ వినము, చూడము, చదవము. నిష్పాక్షికత యన అదియే.’’

వినకుండా విలువ కట్టడమెలా అంటే దానికీ పద్ధతుంది. మూడోనాడు ఇద్దరు పంచాయతుదారులని పిలిచి, వాళ్ల ఎదుట రికార్డుని కొలిచి పంచనామా రాశారు. ‘వ్యాసము పన్నెండు అంగుళములు. వర్ణము నలుపు. మధ్యభాగమున రంధ్రము ఒకటి. వాసన లేదు. కళాత్మక విలువ: ఉత్తమము.’ ఆ తరవాత రికార్డుని గుడ్డలో చుట్టి లక్కతో మూడు చోట్ల సీలు వేశారు. నా దగ్గరున్న ఒక్కటీ అలా సర్కారువారి బీరువాలోకి వెళ్లింది.

ఇక వినలేదని సాక్ష్యాలు తేవాలి. మొదట భూలక్ష్మిని అడిగాను. పెళ్లయ్యాక నేనడిగిన పని మొదటిసారికే చేసింది అప్పుడే. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా సంతకం చేసి, ‘‘ఇంకో కాగితం ఉన్నా తెండి, పెడతాను,’’ అంది. మా వీధి వీధంతా వచ్చింది. ఆ రోజుల్లో కచేరీ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిలిస్తే నలుగురు రాలేదు. ఇప్పుడు ఆ కచేరీకి రాలేదని రాసివ్వడానికి నూట పన్నెండుమంది అరుగు మీద వరసలో నిలబడ్డారు. ఎదురింటాయన, ‘‘మా నాన్నగారు కూడా వినలేదండీ, ఆయన తరఫున కూడా పెట్టమంటారా?’’ అన్నాడు. వాళ్ల నాన్నగారు పోయి పన్నెండేళ్లయింది. అందరికీ టీలిచ్చాను. నా అభిమానులంతమంది ఒకచోట చేరడం అదే మొదలు.

చివరికి సాల్మన్ సంతకం ఒక్కటే మిగిలింది. తయారీదారులం ఇద్దరం బతికున్నాం కాబట్టి, మాకు తెలిసినంతలో మా పాటలు ఎవరూ వినలేదని ఇద్దరం ప్రమాణపత్రం ఇవ్వాలి.

సాల్మన్ మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. జగన్నాథపురంలో చర్చి వెనక రెండు గదుల్లో ఉంటాడు. పెళ్లి చేసుకోలేదు. కాగితం చదివి నా ఒళ్లో పెట్టేశాడు.

‘‘నేను పెట్టనురా.’’

‘‘ఏం?’’

‘‘ఒక్కళ్లైనా వినుంటార్రా ఉమాపతీ.’’

‘‘సాక్ష్యం ఏదీ?’’

‘‘సాక్ష్యం ఎక్కణ్ణుంచొస్తాదిరా? పాడేను కదా. పదకొండో ప్లేటు ఎవరో కొన్నారు. కొన్నోళ్లు ఒకసారైనా పెట్టుకుని ఉంటారు. ఆ ఒక్కమాట అనుకునే ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాన్రా. దాన్ని కూడా కాగితమ్మీద కొట్టేయమంటావేట్రా?’’

నాకు కోపమొచ్చింది. కోపమెందుకంటే అతను చెప్పింది నిజమని నాకూ తెలుసు గనక. ‘‘నువ్వు సంతకం పెట్టకపోతే ఆ ఒక్కడితోనే ఆగిపోతుంది. పెడితే టౌన్‌హాలు నిండా నాలుగు వందలమంది వింటారు. గ్రంథాలయాల్లో వింటారు. ఎవరో ఉన్నాడో లేడో తెలీని ఒక్కడికోసం అందర్నీ వదులుకుంటావా?’’ అన్నాను. గంటసేపు ఇదే మాట తిప్పి తిప్పి చెప్పాను. లెక్కల మేష్టారు కదా, ఒకటీ నాలుగు వందలూ అనేసరికి తలొంచాడు. సంతకం పెట్టి కలం మూత బిగించాడు.

‘‘అబద్ధం రాయించేవురా నాచేత.’’

‘‘ఒకవేళ నిజమేనేమో.’’

‘‘నిజమైతే ఇంకా పాపం రా,’’ అన్నాడు. గుమ్మందాకా సాగనంపడం అతనికి అలవాటు. ఆ రోజు లేవలేదు.

నియమావళి ప్రకారం ఆఖరిది బహిరంగ ప్రకటన. పొలం అమ్మకానికి వేసినట్టే అభ్యంతరాలు పిలవాలి. నోటీసు అంటించడమే కాక టముకు కూడా వేయించాలట. నా వెంట ఒక టముకువాణ్ణి పంపారు.

‘‘ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! సరుగుడు గాలి అనబడే పాటల ప్లేటును గతములో ఎవరైనా విని ఉన్నయెడల, పదిహేను దినములలోగా మండలి కార్యాలయమునకు హాజరై తెలియజేయవలెనహో!’’

ప్రతి సందు మొగలోనూ డప్పు ఆగాక నేను ఊపిరి బిగబట్టి కిటికీలకేసి చూసేవాణ్ణి. ఎవరూ తల బయటపెట్టకపోతే అమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆ వెంటనే మనసు చివుక్కుమనేది. టముకువాడు జగన్నాథపురం వంతెన దగ్గర బీడీ వెలిగించుకుంటూ, ‘‘ఇంతకీ ఎలాగుంటాయండీ ఆ పాటలు?’’ అనడిగాడు. చెప్పకూడదయ్యా అన్నాను. ‘‘అంత బూతాండీ?’’ అన్నాడు.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం మండలినుంచి ఫోన్. అభ్యంతరం ఒకటి దాఖలైందట. మర్నాడే విచారణ.

వెళ్లేసరికి హాల్లో ఒకావిడ కూర్చుని ఉంది. డెబ్బయ్యేళ్లకి దగ్గర్లో ఉంటుంది. నేత చీర, చేతిలో గొడుగు. పేరు సుంకర వరహాలమ్మ, ఉండేది జగన్నాథపురంలోనే. సాల్మన్ కూడా వచ్చి వెనక బెంచీ మీద చివర కూర్చున్నాడు. నాకేసి చూడలేదు. నేనూ చూడలేదు.

‘‘మీ అభ్యంతరమేమి?’’ అన్నారు త్రివిక్రమరావుగారు.

‘‘అబ్యంతరం ఏటండీ, నాకేం లేదండి. ఇన్నోళ్లు రావాలని టముకేశారు కదండీ. నేను ఇన్నాను. అందుకే వొచ్చాను. పాడినోళ్లు పిలుత్తున్నారేమో అనుకున్నానండి.’’

‘‘ఎప్పుడు వింటిరి?’’

‘‘రోజూనండి.’’

పక్కన వాంగ్మూలం రాసుకుంటున్న సూపరింటెండెంటుగారు కలం ఆపి తలెత్తారు.

ఆవిడ నింపాదిగా చెప్పుకొచ్చింది. వాళ్లది మైకుసెట్టు దుకాణం. వాళ్లాయన మా రికార్డు కొన్నది అట్ట మీద పడవ బాగుందని. పెళ్లికైనా, తీర్థానికైనా, ఎలక్షన్లకైనా వెళ్లినచోట ముందు హారన్లు కట్టి, ఏదో ఒక ప్లేటు పెట్టి అన్నీ పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి. దానికి మంచి ప్లేటు వాడితే అరిగిపోతుంది. జనం అడిగే సినిమా పాటలు అరిగితే నష్టం.

‘‘అందుకని మీదేసేవోళ్లమండి. అరిగిపోయినా ఎవరూ అడగరు కదండీ అని.’’ ఇలా అని, నొచ్చుకుంటానేమోనని నాకేసి చూసింది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను. ‘‘ఆయన పోయాకా నేనే ఇరవయ్యేళ్లు నడిపేనండి. ఊళ్లో ఏ పెళ్లికైనా మేళం కంటే ముందు మీ పాటే. నాకు మట్టుకు పొద్దున్న ఓసారి, పనయ్యాకా ఓసారి మొత్తం ఏసుకోవడం అలవాటైపోయిందండి.’’

త్రివిక్రమరావుగారికి చెమటలు పట్టాయి. ‘‘అనగా ఊరంతయూ వినినదా?’’

మా ఆల్బం కాకినాడలో ప్రతి పెళ్లిలోనూ మోగిందని అప్పుడే తెలిసింది నాకు. నా పెళ్లిలో కూడా మోగే ఉంటుంది. నేను తాళి కట్టే కంగార్లో పట్టించుకుని ఉండను.

పది నిమిషాలు నియమావళి తిరగేసి ఆయన గొంతు సవరించుకున్నారు. ‘‘చెవిన పడుట వేరు, వినుట వేరు. హారను పరీక్షించు సమయమున చెవిన పడినది శబ్దము మాత్రమే. కావున నగరమును మినహాయించితిమి. ఇక ఈమె ఒక్కరు. దరఖాస్తుదారుడు తన ప్రశ్నలు అడుగవచ్చును. ఈమె వినలేదని రుజువు చేసినచో గుర్తింపు మీది, లేనిచో దస్త్రము మూతపడును.’’

ఆవిడ మాత్రం, ‘‘రుజువెందుకండీ, పాడి చూపిత్తాను,’’ అని అందుకుంది.

‘ఎవరూ రాని రేవులోన దీపమెందుకు పెట్టావు...’

‘‘ఆపుడు! ఆపుడు!’’ అని అరుస్తూ ఉపసంచాలకులు చెవులు మూసుకున్నారు. సూపరింటెండెంటు మూసుకున్నారు. టీ తెచ్చిన అటెండరు ట్రే కింద పెట్టేసి మూసుకున్నాడు. ముగ్గురూ అలా ఉండగా ఆవిడ మొదటి చరణం మొత్తం పాడేసింది. వెనక బెంచీలో సాల్మన్ లేచి నిలబడ్డాడు. అతని మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పెదాలు మాత్రం ఆవిడతోపాటు కదులుతున్నాయి.

అప్పుడే నేను చేతులు జోడించి ఊరుకోవలసింది. ఊరుకుంటే ఈ కథ నేను తలెత్తుకుని చెప్పేవాణ్ణి. కానీ టౌన్‌హాలు కళ్లముందుంది. పైగా నాలో ఇంకో పురుగు తొలుస్తోంది. ఈవిడ సాల్మన్‌ని వింది సరే, మరి నన్నో?

‘‘అమ్మా, ఆ ప్లేటులో ఏమేం వినపడతాయి మీకు?’’

‘‘ఆ బాబుగారి గొంతండి. డ్రమ్ము. ఇంకోటి బొంయ్ బొంయ్‌మంటాదండి అడుగున.’’

‘‘ఇంకా?’’

‘‘ఇంకేం లేదండి.’’

‘‘గిటారు?’’

ఆవిడకి అబద్ధం చేతకాదని నాకు తెలుస్తూనే ఉంది. ‘‘గిటారుందాండీ అందులో?’’ అంది.

భూలక్ష్మి అక్కడ లేదు కాబట్టి బతికిపోయాను. మొహం మాడింది గానీ గుమాస్తా బుర్ర ఆగలేదు. ‘‘అయ్యా! ఏడు పాటల్లోనూ మొదటినుంచి చివరిదాకా గిటారుంది. వాయించినవాణ్ణి నేనే. దాన్ని వినని మనిషి ఈ ఆల్బం విన్నట్టెలా అవుతుంది? ఈమెకి చెవిన పడిందంతే. వినలేదు!’’

‘‘భేష్!’’ అన్నారు త్రివిక్రమరావుగారు. ‘‘సాక్షి గిటారును గుర్తింపలేకపోయినది. వినికిడి నిరూపితము కాలేదు. విస్మృతి సంపూర్ణము.’’

నా ఆల్బంని ఎవరూ వినలేదని నేనే వాదించి గెలిచాను. అదీ నేను వాయించింది ఎవరికీ వినపడదని రుజువు చేసి గెలిచాను. వరహాలమ్మగారు ‘‘ఏటో, తప్పు చెప్పేనేమో,’’ అనుకుంటూ గొడుగు తీసుకుని లేచింది. సాల్మన్ ఆవిడ వెనకాలే బయటికి నడుస్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ‘‘గెలిచేవురా,’’ అన్నాడు.

నెల్లాళ్ల తరవాత టౌన్‌హాల్లో సభ. సాల్మన్ రాలేదు. హాలు నిండింది. ముఖ్య అతిథిగారు మైకు పట్టుకుని, ‘‘ఈ మహత్తరమైన ఆల్బంని నేను కూడా వినలేదని గర్వంగా మనవి చేస్తున్నాను,’’ అనగానే చప్పట్లు మోగిపోయాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. తామ్రపత్రం మీద ‘ఎవరి చేతనూ వినబడని’ అని పెద్ద అక్షరాలతో చెక్కించారు. సీలు వేసిన రికార్డుని గాజుపెట్టెలో పెట్టి వేదిక మీదికి తెచ్చారు.

నేను త్రివిక్రమరావుగారి చెవిలో, పాటలు ఎప్పుడు పెడతారండీ అన్నాను.

‘‘పాటలా?’’ ఆయన నిర్ఘాంతపోయారు. ‘‘ఇచ్చట నాలుగు వందలమంది కలరు. పెట్టినచో అందరూ వినెదరు కదా! ఆ మరుక్షణము గుర్తింపు రద్దు. పునర్ముద్రణమునూ అందుచేతనే నిలిపితిమి. ఏటేటా సీలు తనిఖీ చేసి, ఇంకనూ ఎవరూ వినలేదని ధ్రువీకరించెదము. మీరు నిశ్చింతగా ఉండుడు.’’

ఆ పైన ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇకమీదట ఆ పాటలు నేను ఎక్కడా వాయించనని హామీ. చప్పట్ల మధ్య పెట్టాను. పెట్టడం అలవాటైపోయింది కదా.

బయటికొచ్చి ఆటో ఎక్కి ఇంటికని చెప్పబోయి, జగన్నాథపురం అన్నాను. మైకుసెట్టు వరహాలమ్మగారిల్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. రేకుల షెడ్డు, అందులో తుప్పు పట్టిన హారన్లు, ముందు చిన్న వరండా. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. వరండాలో స్టూలు మీద గ్రామఫోను తిరుగుతోంది. సాల్మన్ చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. విచారణ నాటినుంచి రోజూ వస్తున్నాడట. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. తిడితే బాగుండేది.

శాలువా ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుని, ‘‘వరహాలమ్మగారూ, ఆ రోజు నేను చాలా తప్పు చేశానండి. మీరు విన్నారని తెలిసే వినలేదన్నాను,’’ అన్నాను.

‘‘ఊరుకోండి బాబుగారూ. మీరడగబట్టే మంచిదయింది. ఇంటికొచ్చి మళ్లీ ఏసి ఇన్నానండి, గిటారెక్కడుందా అని. ఏం దొరకలేదు. మర్నాడూ ఏశాను. అప్పుడు తెలిసింది. ఉండండి, నాలుగో పాట రానీండి.’’

నాలుగో పాట వచ్చింది. రికార్డు బాగా అరిగింది, గొంతు వెనకాల గరగరమంటోంది. రెండో చరణం సగంలో ఆవిడ వేలెత్తింది.

‘‘ఇదిగోండి, ఇక్కడ. ఉన్నట్టుండి కాళ్ల కింద ఏదో తీసేసినట్టు ఖాళీ అయిపోద్ది. మళ్లీ కాసేపటికి సర్దుకుంటాది. ఇన్నేళ్లూ ఈ చోటుకొచ్చేసరికి నాకు గుబులుగా ఉండేదండి, ఎందుకో తెలిసేది కాదు. మీరే కదండీ ఆగిపోయింది?’’

మద్రాసులో ఆ పాటలో నా తీగ తెగింది. భోజనాలయి సినిమావాళ్లు వచ్చేస్తున్నారు, మళ్లీ వాయించే టైము లేదు. మిగిలిన తీగలతో సర్దుకునేసరికి అర నిమిషం పోయింది. ఎవరూ గమనించలేదని బతికిపోయాననుకున్నాను. సాల్మన్‌కి కూడా చెప్పలేదు. నలభయ్యెనిమిదేళ్లకి నన్ను ఒక మనిషి విన్నది, అదీ నేను వాయించని చోట. నాకు ఏడుపొచ్చింది. డెబ్బయ్యేళ్లు దాటినవాణ్ణి, మీసానికి రంగేసుకున్నవాణ్ణి, ఆ వరండాలో కూర్చుని ఏడ్చాను. సాల్మన్ నా వీపు మీద చెయ్యేసి, ‘‘తెగిందని అప్పుడే చెప్పొచ్చు కదరా వెధవా,’’ అన్నాడు.

మర్నాడే మండలికి రిజిస్టర్డు ఉత్తరం పంపాను. ‘సరుగుడు గాలి అను ఆల్బంను సుంకర వరహాలమ్మ గారు సంపూర్ణముగా విని యున్నారు. వాయించినదే కాక వాయించనిది కూడా విన్నారు. కావున బిరుదు, శాలువా, తామ్రపత్రము వాపసు చేయుచున్నాను.’ డిస్పాచ్ నంబరు కూడా నేనే వేశాను.

మూడు వారాలకి జవాబొచ్చింది. పోస్టుమన్ మా ఇంటికి వెళ్తే భూలక్ష్మి, ఆయన రోజూ వరహాలమ్మగారి వరండాలోనే ఉంటారని చెప్పి ఇక్కడికి పంపింది. సాల్మన్ కవరు చింపి పైకి చదవడం మొదలెట్టాడు. ‘‘తమ అభ్యంతరము అందినది. అయితే అభ్యంతరములు స్వీకరించు పదిహేను దినముల గడువు ముగిసినందున, సదరు ఆల్బంను ఎవరూ వినలేదని ఇందుమూలముగా...’’

‘‘ఉండండి మేష్టారూ,’’ అంది వరహాలమ్మగారు. ‘‘పాటవనివ్వండి.’’